ఐరోపా సమాఖ్యకు రాజ్యాంగమే లేదు కదా, మరి దాని డిజిటల్ చట్టాలను రాజ్యాంగ కోణంలో ఎలా చదవాలి?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్ర పీజీ) డిసర్టేషన్‌కి ఐరోపా డిజిటల్ చట్టాల రాజ్యాంగ కోణం తీసుకున్నాను. జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం), డీఎస్‌ఏ (డిజిటల్ సేవల చట్టం), ఏఐ చట్టం చదవడం అయింది. మన రాజ్యాంగంలోని 19, 21 అధికరణాల్లాగా అక్కడ దేనితో కొలవాలో అంతుపట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ తీర్పులు తప్పనిసరి?

జవాబు:

రాజ్యాంగం అనే పుస్తకం లేదన్న మాట నిజమే. రాసుకున్నారు గానీ గట్టెక్కలేదు. 2005 మే 29న ఫ్రాన్సు, జూన్ 1న నెదర్లాండ్స్ రెఫరెండంలో రాజ్యాంగ ఒప్పందాన్ని కాదన్నాయి. అందులోని సరుకు చాలావరకు లిస్బన్ ఒప్పందం పేరుతో 2009 డిసెంబరు 1న అమల్లోకి వచ్చేసింది. ప్రాథమిక హక్కుల చార్టర్‌కి ఒప్పందాలతో సమానమైన బలం వచ్చిందీ ఆ రోజే. లక్సెంబర్గ్‌లోని సమాఖ్య న్యాయస్థానమైతే 1986లోనే, లే వేర్ కేసులో, మూల ఒప్పందాన్ని రాజ్యాంగ పత్రంగా పిలిచేసింది.

కాబట్టి మీ కొలబద్ద నాలుగు చోట్ల ఉంది: టీఈయూ (సమాఖ్య ఒప్పందం), టీఎఫ్‌ఈయూ (సమాఖ్య పనితీరు ఒప్పందం) అనే రెండు ఒప్పందాలు, చార్టర్, లక్సెంబర్గ్ తీర్పులు, సభ్య దేశాల రాజ్యాంగ న్యాయస్థానాల తీర్పులు. మన విద్యార్థులు దాదాపుగా వదిలేసేది నాలుగోదాన్నే. డిసర్టేషన్‌కి పనికొచ్చే తగువంతా ఉన్నది మాత్రం అక్కడే.

మొదలుపెట్టాల్సింది హక్కుల దగ్గర కాదు, అధికారం దగ్గర. మన దగ్గర ఒక చట్టం చూడగానే ఏడో షెడ్యూల్లో ఏ జాబితా అని అడుగుతాం కదా, ఇక్కడా అదే. టీఈయూ 5వ అధికరణం ప్రకారం సభ్య దేశాలు ఇచ్చిన అధికారమే సమాఖ్యకు ఉంటుంది, ఇవ్వనిది లేదు. ఏ రెగ్యులేషన్ (దేశాలన్నిటికీ నేరుగా వర్తించే సమాఖ్య చట్టం) తెరిచినా మొదటి వాక్యంలోనే ఏ అధికరణం కింద చేశారో రాసి ఉంటుంది. చాలామంది ఆ వాక్యాన్ని అలంకారం అనుకుని దాటేస్తారు. నన్నడిగితే మీ మొదటి అధ్యాయమంతా ఆ వాక్యమే.

జీడీపీఆర్ (2016/679) నిలబడింది టీఎఫ్‌ఈయూ 16వ అధికరణం మీద. అది నేరుగా వ్యక్తిగత సమాచార రక్షణకు ఇచ్చిన అధికారం. డీఎస్‌ఏ (2022/2065), డిజిటల్ మార్కెట్ల చట్టం డీఎంఏ (2022/1925) రెండూ 114 మీద నిలబడ్డాయి, అంటే ఉమ్మడి మార్కెట్ సాఫీగా సాగడానికి దేశాల చట్టాలను దగ్గరకు తెచ్చే అధికారం మీద. ఏఐ చట్టం (2024/1689) 114తో పాటు 16ను కూడా పట్టుకుంది. కారణం దాని మూడో పీఠిక పేరాలో ఉంది: పోలీసు పనుల కోసం దూరం నుంచి ముఖాలను గుర్తుపట్టే వ్యవస్థల వంటి వాటి మీద పెట్టిన నిబంధనలు సమాచార రక్షణ కిందికి వస్తాయి, మిగతా బరువంతా మార్కెట్ అధికరణమే మోస్తుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. భావ ప్రకటనను నియంత్రించే సాధారణ అధికారం సమాఖ్యకు లేదు. అందుకే డీఎస్‌ఏ ఏ మాట చట్టవిరుద్ధమో ఎక్కడా చెప్పదు. 3వ అధికరణంలోని నిర్వచనం ఆ పనిని సమాఖ్యలోని ఇతర చట్టాలకూ దేశీయ చట్టాలకూ వదిలేస్తుంది. "డీఎస్‌ఏ ద్వేష ప్రసంగాన్ని నిషేధించింది" అని రాస్తే పరీక్షకుడు అక్కడే పెన్ను కింద పెడతాడు. నిషేధించేది జర్మనీ శిక్షాస్మృతో ఫ్రాన్సు చట్టమో. డీఎస్‌ఏ చెప్పేది ఫిర్యాదు వస్తే ఏం చేయాలి, తీసేస్తే కారణం ఎలా చెప్పాలి (17వ అధికరణం), దానిపై అప్పీలు ఎలా (20) అన్నదే.

114కి కూడా హద్దుంది. 2000 అక్టోబరు 5న పొగాకు ప్రకటనల కేసులో (సి-376/98) న్యాయస్థానం ఒక డైరెక్టివ్‌ను (దేశాలు తమ చట్టంగా మార్చుకుని అమలుచేయాల్సిన సమాఖ్య చట్టాన్ని) మొత్తంగా కొట్టేసింది. మార్కెట్‌ను నియంత్రించే సర్వాధికారం 114 కింద లేదు, అడ్డంకులను నిజంగా తొలగించాలి అన్నది. డిజిటల్ చట్టాల్లో మాత్రం ఈ హద్దు ఇప్పటివరకు పెద్దగా కరవలేదు. ఎందుకు కరవలేదన్నది మంచి పరిశోధనాంశం.

అధికారం, హక్కు వేర్వేరు పరీక్షలని తేల్చే ఉదాహరణ ఒకటుంది, దాన్ని వదలొద్దు. ఫోన్, ఇంటర్నెట్ సంస్థలు అందరి ట్రాఫిక్ వివరాలనూ కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 24 నెలలు దాచాలని 2006/24 డైరెక్టివ్ చెప్పింది. ఇది పోలీసుల కోసం చేసిన చట్టం, మార్కెట్ చట్టం కాదని ఐర్లండ్ కోర్టుకెక్కితే 2009 ఫిబ్రవరి 10న ఓడిపోయింది (సి-301/06). దాచే భారం సంస్థల మీద పడుతోంది, ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా ఉంటే మార్కెట్ చెడుతుంది, కాబట్టి ఆధారం సరైనదే అన్నారు. అదే డైరెక్టివ్ 2014 ఏప్రిల్ 8న డిజిటల్ రైట్స్ ఐర్లండ్ కేసులో (సి-293/12) చార్టర్ 7 (గోప్యత), 8 (వ్యక్తిగత సమాచార రక్షణ) అధికరణాల ముందు కుప్పకూలింది. మొదటి పరీక్షలో పాసై రెండో దాంట్లో ఫెయిలన్నమాట. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదివితే విషయం సగం వచ్చేసినట్టే.

ఇక రెండో పరీక్ష, హక్కులకు పరిమితులు ఎప్పుడు చెల్లుతాయో చెప్పే చార్టర్ 52(1). మన 19(2)లో పరిమితికి కారణాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇచ్చారు: సార్వభౌమత్వం, శాంతిభద్రతలు, కోర్టు ధిక్కారం వగైరా. చార్టర్‌లో అలా జాబితా లేదు, దాదాపు అన్ని హక్కులకూ ఒకటే సూత్రం. వరసగా అడగాల్సినవి ఇవి: పరిమితి చట్టంలో స్పష్టంగా ఉందా? హక్కు సారాన్ని, అంటే దాని గింజను, తాకిందా? సమాఖ్య గుర్తించిన లక్ష్యం ఉందా? ఆ లక్ష్యానికి ఈ మార్గం తగినదా, అవసరమా, మోతాదు మించిందా? సారాన్ని తాకితే మిగతా ప్రశ్నలు అక్కర్లేదు, చట్టం పోయినట్టే.

ఈ గింజ దగ్గరే పేపర్లలో ఎక్కువ కాళ్లు జారతాయి. డిజిటల్ రైట్స్ ఐర్లండ్‌లో సారం తాకలేదనే న్యాయస్థానం అన్నది, ఎందుకంటే దాచింది ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నదే గానీ ఏం మాట్లాడారన్నది కాదు. అక్కడ చట్టం పడిపోయింది మోతాదు మీద. అనుమానం ఉన్నా లేకున్నా అందరినీ చుట్టేసింది, చూసే ముందు కోర్టు అనుమతి అడగలేదు, సమాచారం సమాఖ్య లోపలే ఉండాలనలేదు. 2015 అక్టోబరు 6 నాటి మొదటి ష్రెమ్స్ తీర్పులో (సి-362/14, అమెరికాకు డేటా పంపడం గురించి) మాత్రం సంభాషణల్లోని విషయాన్నే అధికారులు మూకుమ్మడిగా చూడగల వీలు 7వ అధికరణం గింజను తాకుతుందనీ, బాధితుడికి వెళ్లే కోర్టే లేకపోవడం 47వ అధికరణం (న్యాయస్థానంలో పరిహారం పొందే హక్కు) గింజను తాకుతుందనీ అన్నారు. రెంటినీ కలిపేసి "గోప్యత సారం దెబ్బతిన్నందున డైరెక్టివ్ కొట్టేశారు" అని రాసేవాళ్లు కోకొల్లలు.

డేటా దాచే కథ 2014తో ఆగలేదు. డైరెక్టివ్ పోయినా దేశాల సొంత చట్టాలు ఉండిపోయాయి. వాటిని 2002/58 ఈ-ప్రైవసీ డైరెక్టివ్ 15(1) ద్వారా మళ్లీ లక్సెంబర్గ్‌కి లాగారు. 2016 డిసెంబరు 21న టెలీ2 తీర్పు అందరి డేటా దాచడం కుదరదన్నది. జాతీయ భద్రత ప్రతి దేశపు సొంత బాధ్యత అని టీఈయూ 4(2) చెబుతోంది కదా, మీరెవరు మధ్యలో అని ప్రభుత్వాలు వాదించాయి. 2020 అక్టోబరు 6న లా క్వాద్రతూర్ తీర్పు (సి-511/18) ఆ తలుపు మూసింది. దాచమని ప్రైవేటు సంస్థకు ఆజ్ఞ వేస్తున్నప్పుడు సమాఖ్య చట్టం వర్తిస్తుంది అన్నది. మూస్తూనే మెట్లు కట్టింది: జాతీయ భద్రతకు నిజమైన, ఎదురుగా ఉన్న లేదా ఊహించదగ్గ తీవ్ర ముప్పు ఉంటే, గడువు పెట్టి, స్వతంత్ర సమీక్షతో అందరి డేటా దాచొచ్చు. తీవ్ర నేరాలకైతే ఎంపిక చేసిన మనుషులు, ప్రాంతాల వరకే. ఐపీ అడ్రసులకు కాస్త సడలింపు. 2022 సెప్టెంబరు 20న స్పేస్‌నెట్ కేసులో జర్మనీ చట్టం 10 వారాలకే (లొకేషన్ అయితే 4 వారాలకే) కుదించుకున్నా ఒప్పుకోలేదు. 2024 ఏప్రిల్ 30న ఫుల్ కోర్టు (సి-470/21) మాత్రం కాపీరైట్ ఉల్లంఘనల కోసం ఐపీ అడ్రసు వెనుక పేరు తెలుసుకోవడానికి షరతులతో దారిచ్చింది. కఠినంగా మొదలై మెత్తబడిన గీత ఇది. దీన్ని హక్కుల విజయగాథగా రాస్తే సగం కథే చెప్పినట్టు.

దేశాల కోర్టుల దగ్గరికొద్దాం. లా క్వాద్రతూర్ తర్వాత ఫ్రాన్సు ప్రభుత్వం తన అత్యున్నత పాలనా న్యాయస్థానమైన కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌ను ఏకంగా లక్సెంబర్గ్ తీర్పు అధికారాన్ని మించినదని ప్రకటించమంది. 2020 మే 5న జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం కేంద్ర బ్యాంకు బాండ్ల కొనుగోలు కేసులో అలాంటి సాహసం చేసిందన్న ధైర్యం. 2021 ఏప్రిల్ 21న కౌన్సిల్ ఆ మాట అననంది. కానీ భద్రత ఫ్రెంచి రాజ్యాంగం కోరే విషయమే అంటూ, భద్రత కోసం దాచిన డేటాను తీవ్ర నేరాల దర్యాప్తుకు వాడుకునే సందు తెరిచింది. ఏడాది తిరగ్గానే, 2022 ఏప్రిల్ 5న, ఐర్లండ్ నుంచి వచ్చిన కేసులో (సి-140/20) లక్సెంబర్గ్ ఆ సందును మూసింది. పోట్లాట పైకి మర్యాదగా, లోపల గట్టిగా నడుస్తుంది. తీర్పు చివరి పేజీ మాత్రమే చదివితే ఇది కనబడదు.

జర్మనీ వైపు తీగ పొడవైనది. ప్రపంచంలో మొదటి డేటా రక్షణ చట్టం 1970లో హెస్సె రాష్ట్రం చేసింది. 1983 డిసెంబరు 15 నాటి జనగణన తీర్పు జర్మనీ రాజ్యాంగమైన మౌలిక శాసనం 1(1), 2(1) అధికరణాల నుంచి తన సమాచారంపై తానే నిర్ణయించుకునే హక్కును వెలికితీసింది. 2008 ఫిబ్రవరి 27న కంప్యూటర్ వ్యవస్థల గోప్యత, సమగ్రతలకు ప్రత్యేక హక్కును గుర్తించింది. మన పుట్టస్వామి తీర్పు (2017 ఆగస్టు 24) 21 నుంచి గోప్యతను తీసిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం, పోలిక రాయాలంటే ఇక్కడ రాయండి. కానీ మీకు ఎక్కువ పనికొచ్చేవి 2019 నవంబరు 6న ఒకే రోజు వచ్చిన "మరచిపోయే హక్కు" ఒకటి, రెండు. పత్రికల మినహాయింపులా దేశాలకు వెసులుబాటు ఉన్న చోట మౌలిక శాసనపు హక్కులతోనే కొలుస్తాం, పూర్తిగా ఏకీకృతమైన చోట చార్టర్ హక్కులతో మేమే కొలుస్తాం అన్నారు. అప్పటిదాకా చార్టర్‌ను కొలబద్దగా ముట్టని కోర్టు అది. మీరు తీసుకున్న నిబంధన పూర్తి ఏకీకరణా, వెసులుబాటా అని తేల్చకుండా జర్మన్ కోర్టు గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

ఫ్రాన్సులో ఇంకో తమాషా. ద్వేష పోస్టులను 24 గంటల్లో, అధికారులు చెప్పిన ఉగ్రవాద పోస్టులను ఒక గంటలో తీసేయాలన్న అవియా చట్టంలోని ఆ భాగాలను 2020 జూన్ 18న అక్కడి రాజ్యాంగ మండలి (చట్టాలు రాజ్యాంగానికి సరిపోతాయో లేదో తేల్చే సంస్థ) కొట్టేసింది. కోర్టుకు వెళ్లే వ్యవధి లేకుండా జరిమానా భయంతో అతిగా తీసేయిస్తుంది అని. మరుసటి ఏడాదే ఉగ్రవాద కంటెంట్ మీద 2021/784 రెగ్యులేషన్ వచ్చింది, అందులోనూ గంటే గడువు. దాన్ని అమలుచేసే ఫ్రెంచి చట్టం 2022 ఆగస్టులో అదే మండలి ముందు నిలబడింది. రెండు నిర్ణయాల్లో అప్పీలు ఏర్పాట్లు ఎలా మారాయో పోల్చండి, ఒక అధ్యాయం దొరుకుతుంది.

డీఎస్‌ఏలో రాజ్యాంగపరంగా నొప్పి ఉన్న చోటు ఒకటుంది. దేశాల్లో దీన్ని చూసే కోఆర్డినేటర్లు పూర్తి స్వతంత్రులుగా ఉండాలని 50వ అధికరణం పట్టుబడుతుంది. కానీ నెలకు 4.5 కోట్ల మంది, అంటే సమాఖ్య జనాభాలో పదో వంతు, వాడే పెద్ద వేదికలను చూసేది ఐరోపా కమిషన్. అది కార్యనిర్వాహక వర్గం, రాజకీయ సంస్థ. డేటా రక్షణలో చార్టర్ 8(3) స్వతంత్ర సంస్థ ఉండాలని కోరుతుంది. డేటా కమిషనర్ పదవీకాలాన్ని హంగరీ మధ్యలో తెంచితే న్యాయస్థానం తప్పుబట్టింది (సి-288/12, అదీ 2014 ఏప్రిల్ 8నే). భావ ప్రకటన విషయంలో అలాంటి అధికరణం లేదు. పైగా డీఎస్‌ఏ 34వ అధికరణం చట్టవిరుద్ధం కాని కంటెంట్ వల్ల వచ్చే వ్యవస్థాగత ముప్పులనూ అంచనా వేయమంటుంది. ప్రపంచ టర్నోవరులో 6 శాతం దాకా జరిమానా వేయగల కమిషన్ చట్టబద్ధమైన మాటల గురించి కంపెనీతో మాట్లాడుతోందంటే, రాజ్యాంగ ప్రశ్న అక్కడే ఉంది. వాస్తవంలో మొదటి జరిమానా, 2025 డిసెంబరులో ఎక్స్ మీద వేసిన 12 కోట్ల యూరోలు, బ్లూ టిక్ డిజైను, ప్రకటనల రిజిస్టరు, పరిశోధకులకు డేటా ఇవ్వకపోవడం మీద పడింది. కంటెంట్ జోలికి పోలేదు. రాసేటప్పుడు ఈ తేడా చెప్పండి, లేకపోతే ట్విట్టర్ గొడవల స్థాయికి దిగిపోతుంది.

కమిషన్‌కి పగ్గం వేసిన చిన్న తీర్పు ఒకటి 2025 సెప్టెంబరు 10న వచ్చింది. పెద్ద వేదికల నుంచి వసూలు చేసే పర్యవేక్షణ రుసుము లెక్కించే పద్ధతిని కమిషన్ ఇంప్లిమెంటింగ్ నిర్ణయాల్లో పెట్టింది. అది డెలిగేటెడ్ యాక్ట్‌గా రావాల్సిందని జనరల్ కోర్టు (సమాఖ్య కింది కోర్టు) మెటా, టిక్‌టాక్ కేసుల్లో రద్దుచేసింది, సరిచేసుకోవడానికి 12 నెలలు మించని గడువిచ్చింది. టీఎఫ్‌ఈయూ 290కీ 291కీ మధ్య గీత అది. పార్లమెంటుకు అడ్డుకునే అవకాశం ఉండేది మొదటి దాంట్లోనే. మన దగ్గర డెలిగేటెడ్ లెజిస్లేషన్ చదివినవాళ్లకు ఇది ఇట్టే ఎక్కుతుంది.

ఏఐ చట్టం గురించి అందరూ 5వ అధికరణపు నిషేధాలే రాస్తారు. నాకైతే అంతకన్నా ప్రమాణాల సంగతి ముఖ్యంగా తోస్తుంది. హై-రిస్క్ (ముప్పు ఎక్కువ అని చట్టం గుర్తించిన) వ్యవస్థ ఎంత కచ్చితంగా ఉండాలి, డేటాలో వివక్ష ఎంత తగ్గాలి అన్న అసలు కొలతలు రాసేది సెన్, సెనెలెక్ అనే ప్రైవేటు ప్రమాణ సంస్థలు. అవి పాటిస్తే చట్టం పాటించినట్టే లెక్క. వివక్ష అంటే ఎంత అన్నది ఇంజినీర్ల కమిటీ తేల్చడం రాజ్యాంగ ప్రశ్న కాక మరేమిటి? ప్రమాణం సమాఖ్య చట్టంలో భాగమేనని 2016లో జేమ్స్ ఎలియట్ కేసు (సి-613/14), అయితే దాన్ని బయటపెట్టడంలో ప్రజా ప్రయోజనం ఉందని 2024 మార్చి 5న బొమ్మల భద్రత ప్రమాణాల కేసు (సి-588/21 పి) చెప్పాయి. దీనికి జతగా 2022 జూన్ 21 నాటి విమాన ప్రయాణికుల డేటా తీర్పు (సి-817/19) చదవండి. మనిషి ప్రమేయం లేకుండా తన కొలతలు తానే మార్చుకునే మెషీన్ లెర్నింగ్‌తో ప్రయాణికులను జల్లెడ పట్టొద్దని ఏఐ చట్టం పుట్టక ముందే అన్నారు. 2026 ఆగస్టు 2న రావాల్సిన హై-రిస్క్ బాధ్యతలను వెనక్కి జరపాలని కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది. సమర్పించే ముందు తేదీ సరిచూసుకోండి.

మన వైపు నిజంగా ముడిపడేది డేటా బదిలీ. 2020 జులై 16 నాటి రెండో ష్రెమ్స్ తీర్పు (సి-311/18) ప్రకారం బయటి దేశంలో రక్షణ సారంలో సమానంగా ఉండాలి. భారత్‌కు అడిక్వసీ నిర్ణయం (అక్కడి రక్షణ సరిపోతుందన్న కమిషన్ నిర్ణయం) లేదు. కాబట్టి ఐరోపా క్లయింటు డేటా చూసే హైదరాబాద్ ఆఫీసు 2021/914 ప్రామాణిక ఒప్పంద షరతులపై నడుస్తుంది. వాటితో పాటు చేసే అంచనాలో ఐటీ చట్టం 69వ సెక్షను, 2023 డీపీడీపీ (వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ) చట్టం 17(2) ప్రభుత్వ మినహాయింపు చార్టర్ 47 ముందు ఎలా నిలుస్తాయో రాయాల్సిందే. అక్కడ "భారత్‌లో గోప్యత ప్రాథమిక హక్కు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సరిపోదు. విదేశీ వ్యక్తి ఏ కోర్టుకెళ్లి ఏ పరిహారం అడగగలడు అన్నది అడుగుతారు.

వెతకడం గురించి. సమాఖ్య చట్టాల అధికారిక సైటు యూర్-లెక్స్‌లో, ప్రతి పత్రానికీ ఉండే సెలెక్స్ నంబరుతో వెతకండి: చట్టాలు 3తో మొదలవుతాయి, తర్వాత ఏడాది, తర్వాత రెగ్యులేషన్‌కి ఆర్, డైరెక్టివ్‌కి ఎల్, తర్వాత నాలుగంకెల నంబరు. తీర్పులు 6తో మొదలవుతాయి. కేసు నంబరు ముందు సి ఉంటే ప్రధాన న్యాయస్థానం, టి ఉంటే జనరల్ కోర్టు, చివర పి ఉంటే అప్పీలు. అడ్వకేట్ జనరల్ (న్యాయస్థానానికి సలహాగా అభిప్రాయం రాసే అధికారి) అభిప్రాయం తీర్పు కాదు, అది ముందే వస్తుంది, భాష బాగుంటుంది కాబట్టి అందరూ కోట్ చేసేది దాన్నే. కోర్టు దాన్ని తోసిపుచ్చిందేమో చూసుకోకుండా వాడొద్దు. పత్రికా ప్రకటన చదివి తీర్పు చదివినట్టు రాయొద్దు. సవరణలు కలిపిన ప్రతి చట్టబద్ధ ప్రతి కాదని సైటే చెబుతుంది, కాబట్టి పాత కేసుకు ఆనాటి ప్రతి తెరవండి.

మూడు చట్టాలూ ఒకే డిసర్టేషన్‌లో పెట్టుకోకండి, తేలిపోతుంది. ఫ్రాన్సు అవియా నిర్ణయం, 2021/784 రెగ్యులేషన్, ఒక గంట గడువు – ఇంత ఇరుకుగా తీసుకుంటే 114, చార్టర్ 11 (భావ ప్రకటన), 47, జాతీయ రాజ్యాంగం అన్నీ వాటంతటవే అందులోకి వస్తాయి. ఫ్రెంచి రాకపోయినా ఫర్వాలేదు, రాజ్యాంగ మండలి సైటులో 2020 నిర్ణయానికి ఇంగ్లిషు అనువాదం దొరుకుతుంది.